గుండెలో హైడాటిడ్ సిస్ట్ అన్నారా? మాత్రలా, సూదా, ఆపరేషనా, పంప్ మీదా, పంప్ లేకుండానా

గుండె గోడలో నీటి తిత్తి ఉంది, పురుగు వల్ల వచ్చింది, ఆపరేషన్ చెయ్యాలి అని డాక్టర్ చెప్పగానే ఇంట్లోవాళ్ళు ముందు అడిగేది మందులతో కరగదా అని, ఆ తర్వాత సూదేసి నీళ్ళు లాగెయ్యకూడదా అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే, ఎందుకంటే ఇదే తిత్తి లివర్‌లో ఉంటే ఆ రెండూ నిజంగానే చేస్తారు. గుండెలో ఉంటే లెక్క మారిపోద్ది. ఎందుకు మారుద్ది, ఏ కేసుకి ఏది నప్పుద్ది అన్నది నాకు తెలిసినంత రాస్తాను. నేను డాక్టర్ని కాదు, వైజాగ్‌లో గుండె ఆపరేషన్లప్పుడు హార్ట్ లంగ్ మెషీన్ నడిపే పెర్ఫ్యూజనిస్ట్‌ని, కాబట్టి మందులూ డోసులూ మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్, కానీ ఆపరేషన్ టేబుల్ దగ్గర ఏది ఎందుకు చేస్తారో మాత్రం పక్కనే కూర్చుని చూసే మనిషిని.

ముందు ఇది ఎలా వస్తుందో రెండు ముక్కలు. ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అని కుక్క పేగుల్లో ఉండే చిన్న టేప్‌వార్మ్, కొన్ని మిల్లీమీటర్లే ఉంటది. దాని గుడ్లు కుక్క మలంలో బయటికొస్తాయి, గడ్డితోపాటు గొర్రెలూ మేకలూ తింటాయి, వాటి లివర్‌లో ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి, ఆ తిత్తులున్న మాంసం ముక్క మళ్ళీ కుక్క తింటే చక్రం పూర్తి. మనిషి మధ్యలో అనుకోకుండా దూరతాడు, కడగని ఆకుకూరలోంచో, కుక్కని నిమిరిన చేత్తో అన్నం తినడం వల్లో. గుడ్డు పగిలి బయటికొచ్చిన లార్వా పేగు గోడ దాటి రక్తంలో పడి ముందు లివర్‌కి చేరుద్ది, 100 కేసుల్లో 70 దాకా అక్కడే ఆగిపోతాయి, లివర్ దాటినవాటిలో ఎక్కువ ఊపిరితిత్తుల్లో ఆగుతాయి, 20 దాకా. అదీ దాటి కరొనరీ, అంటే గుండె కండకే రక్తం ఇచ్చే నాళాల ద్వారా గుండె కండలోకి వెళ్ళేవి 0.5 నుంచి 2 శాతమే. ఆంధ్ర, తమిళనాడు, కశ్మీర్ వైపు ఈ జబ్బు ఎక్కువ కనబడుద్దని మెడికల్ కాలేజీల్లో చెప్తారు. ఆనందపురం, పెందుర్తి వైపు మందలు మేపే ఇళ్ళల్లో గొర్రెలూ కుక్కలూ మనుషులూ ఒకే వాకిట్లో ఉంటారు గానీ ఈ జబ్బు వాళ్ళకే అనుకోవద్దు, సిటీలో మటన్ కొట్టు వెనకాల ఏం జరుగుద్దో చివర్లో చెప్తాను.

గుండెలో కూడా ఎక్కడ ఉందన్నదే అసలు విషయం, ఆపరేషన్ ఎంపికంతా దాని మీదే నడుస్తది. సగానికి పైగా కేసుల్లో ఎడమ జఠరిక, అంటే లెఫ్ట్ వెంట్రికిల్ గోడలో ఉంటది, ఎందుకంటే కండ అక్కడ మందం, రక్తం కూడా ఎక్కువ పారుద్ది. తర్వాత రైట్ వెంట్రికిల్, ఆ తర్వాత రెండు వెంట్రికిల్స్ మధ్య గోడ, కర్ణికలు అంటే గుండె పై గదులు, పెరికార్డియం అంటే గుండె చుట్టూ ఉండే సంచి. ఎడమ వైపువి ఎక్కువగా గుండె బయటి పొర వైపు ఉబ్బుతాయి, కుడి వైపువి లోపలికి, రక్తం ఉండే గదిలోకి ఉబ్బుతాయి. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, కిందంతా ఇది పనికొస్తది. లోపలికి పగిలితే ఆ నీళ్ళూ పొరలూ పిల్ల తిత్తులూ రక్తంలో కొట్టుకుపోతాయి, కుడివైతే ఊపిరితిత్తుల్లో, ఎడమవైతే మెదడులో, కాళ్ళల్లో అడ్డం పడతాయి. బయటికి పగిలితే గుండె చుట్టూ సంచిలో నీళ్ళు నిండి గుండెని నొక్కేస్తాయి. ఎటు పగిలినా ఒళ్ళంతా అలర్జీ రియాక్షన్ వచ్చి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. పైగా ఆ నీళ్ళల్లో ఉండే పురుగు తలలు ఎక్కడ పడితే అక్కడ కొత్త తిత్తి కట్టగలవు.

ఊరికే చూస్తూ ఉండొచ్చా?

చాలామందికి ఏ బాధా ఉండదు. వేరే దేనికో ఎకో తీస్తే బయటపడుద్ది, లేదా ఛాతీలో నొప్పి, గుండె దడ, ఆయాసం అని వస్తే దొరుకుద్ది. బాధ లేనప్పుడు ఎందుకు కొయ్యాలి అని పెద్దవాళ్ళు అంటారు, మా మేనత్త కూడా ఎవరి విషయంలోనో అదే అంది. లివర్‌లో అయితే నిజంగా వదిలేసే కేసులున్నాయి, తిత్తి చచ్చిపోయి సున్నం పట్టేసి గట్టిపడితే, స్కాన్ రిపోర్ట్‌లో సీఈ4, సీఈ5 అని రాస్తే, ఏడాదికోసారి స్కాన్ చూసుకుంటూ ఉంటారు. గుండెలో కూడా చిన్నగా, పూర్తిగా సున్నం పట్టి, ఏ వాల్వ్‌నీ రక్తనాళాన్నీ నొక్కకుండా, గుండె కొట్టుకోవడంలో ఏ తేడా తేకుండా ఉంటే, అందులోనూ మనిషి పెద్ద వయసు, కిడ్నీ సమస్య లాంటివి ఉంటే, వదిలేసి చూడటం తప్పు కాదు. ఇది తప్ప మిగతా ఏ కేసులోనూ, అంటే లోపల నీళ్ళున్న, బతికున్న తిత్తి అయితే, బాధ లేదు కదా అని వాయిదా వెయ్యడం నాకైతే నచ్చదు, ఎక్కువమంది సర్జన్లు కూడా ఒప్పుకోరు. అది నిమిషానికి 70, 80 సార్లు ముడుచుకునే కండలో ఉంది, రోజూ నలుగుతూనే ఉంటది, ఏ రోజు పగులుద్దో ఎకో చెప్పలేదు. కొంతమందికి పగిలాకే, ప్రాణం మీదికొచ్చాకే, మొదటిసారి జబ్బు తెలుస్తది.

మాత్రలు మాత్రమే అంటే

ఆల్బెండజోల్. స్కూళ్ళల్లో పిల్లలకి నులిపురుగులకి ఇచ్చే ఒక్క మాత్ర కాదిది, అదే మందు గానీ కిలో బరువుకి రోజుకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, పెద్దవాళ్ళకి మామూలుగా 400 మిల్లీగ్రాములు రెండు పూటలా, నెలల తరబడి. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి పట్టేది చాలా తక్కువ, కాస్త నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకుంటేనే రక్తంలోకి బాగా వెళ్తది, గుండె పేషెంట్ కదా అని ఇంట్లో నూనె మొత్తం మానిపించేసేవాళ్ళు ఇక్కడే తప్పులో కాలేస్తారు. లివర్ ఎంజైములు పెరగొచ్చు, తెల్ల రక్తకణాలు తగ్గొచ్చు, జుట్టు రాలొచ్చు, అందుకే మొదట్లో రెండు వారాలకోసారి రక్తపరీక్ష చేయిస్తారు. గర్భిణీలకి ఇవ్వరు, మందు వాడుతున్నప్పుడు, ఆపాక కూడా ఒక నెల, గర్భం రాకుండా చూసుకోమంటారు.

లివర్‌లో, లంగ్స్‌లో చిన్న తిత్తులకి ఈ మందు బాగా పనిచేస్తది, కొన్ని పూర్తిగా ఎండిపోతాయి. గుండె దగ్గర చిక్కేంటంటే మందుకి పురుగు చావడం మొదలైతే తిత్తి లోపలి పొర ఊడిపోయి గోడ బలహీనపడుద్ది, లివర్‌లో చుట్టూ మెత్తటి కండ పట్టుకుని ఉంటది కాబట్టి ఫర్వాలేదు, గుండెలో బలహీనపడిన గోడ అంటే పగిలే ఛాన్స్. అందుకే ఆపరేషన్‌కి ముందు మందు ఎన్నాళ్ళు వాడాలన్న దాని మీద సర్జన్ల మధ్యే తేడా ఉంది. కొందరు కొన్ని రోజులు ముందు మొదలుపెడతారు, కొందరు ఆపరేషన్ అయ్యాకే ఇస్తారు, ఇంకొందరు కొన్ని వారాలు వాడి అప్పుడు కోస్తారు. నా మట్టుకు నేను చూసినంతలో డేట్ ఫిక్స్ అయిపోయాక దగ్గర్లో మొదలుపెట్టడం అందరికీ నిద్రపట్టే పద్ధతి, మాత్రలు మొదలెట్టేసి ఆపరేషన్ సంక్రాంతి అయ్యాక, పెళ్ళి అయ్యాక అని తోసుకుంటూ పోవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మాత్రలు మాత్రమే అనేది ఎవరికంటే, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ళకి, తిత్తులు గుండెలో చాలా చోట్ల పాకిపోయి తియ్యలేని స్థితిలో ఉన్నవాళ్ళకి, లేదా అసలు ఒప్పుకోనివాళ్ళకి. ఆ దారిలో వెళ్తే ఎకో తరచుగా తియ్యాలి, ఏ చిన్న మార్పు వచ్చినా ఆస్పత్రికి పరుగెత్తే ఏర్పాటు ఉండాలి, పాడేరు లోపల ఊళ్ళో ఉండి ఇది చెయ్యడం కష్టం, కొన్నాళ్ళు సిటీలో చుట్టాలింట్లో ఉండటం మంచిది.

సూది మాట ఎత్తొద్దు

లివర్ తిత్తికి పెయిర్ అని ఒక పద్ధతి ఉంది, స్కాన్ చూస్తూ సూది గుచ్చి నీళ్ళు లాగి, పురుగుని చంపే ద్రావణం ఎక్కించి, కాసేపాగి మళ్ళీ లాగేస్తారు. సరైన కేసులో చక్కటి పద్ధతి. గుండె తిత్తికి ఇది చెయ్యరు, లీకైతే ఆ నీళ్ళు ఎక్కడికి వెళ్తాయో పైన చెప్పాను. ఇంకో మాట, కొన్నిసార్లు గుండెలో గడ్డ కనబడగానే రిపోర్ట్‌లో మిక్సోమా అనే గుండె కణితి అనో, రక్తం గడ్డ అనో, మామూలు పెరికార్డియల్ సిస్ట్ అనో రాస్తారు, ఎకోలో ఒక్కోసారి తేడా తెలీదు కూడా. మీ ఇంట్లో గొర్రెలో మేకలో కుక్కలో ఉంటే, లేదా లివర్‌లో ఎప్పుడైనా నీటి తిత్తి అన్నారంటే, డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి. ఆ ఒక్క ముక్కతో సర్జన్ ప్లాన్ మొత్తం మారుద్ది, ముక్క తీసి పరీక్షకి పంపుదాం అనే ఆలోచన ఆగిపోద్ది.

పరీక్షల విషయం త్వరగా చెప్పేస్తాను. ఎకోతో మొదలు, తర్వాత కార్డియాక్ ఎమ్మారై లేదా సీటీ, వీటిలో తిత్తి లోపల పిల్ల తిత్తులున్నాయా, గోడ ఎంత మందం, కరొనరీ నాళానికి ఎంత దగ్గర అన్నది తెలుస్తది. వయసు 40 దాటితే, లేదా తిత్తి నాళానికి ఆనుకుని ఉంటే, యాంజియో కూడా. లివర్, ఊపిరితిత్తులు, వీలైతే మెదడు కూడా చూడాలి, చాలామందికి గుండె ఒక్కటే కాదు. ఈ పురుగు కోసం చేసే ఎలైసా రక్తపరీక్ష నెగటివ్ వచ్చిందని సంబరపడిపోవద్దు, గోడ పగలకుండా చెక్కుచెదరకుండా ఉన్న తిత్తిలో ఒక్కోసారి అది నెగటివే వస్తది.

పంప్ మీదా, పంప్ లేకుండానా

ఇది నా ఏరియా కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

పంప్ అంటే హార్ట్ లంగ్ మెషీన్. ఒంట్లోంచి చెడు రక్తం గొట్టంలో మా దగ్గరికొస్తది, ఆక్సిజన్ పట్టించి వెనక్కి పంపుతాం, ఆ టైంలో బృహద్ధమనికి క్లాంప్ వేసి, కార్డియోప్లీజియా అని పొటాషియం ఉన్న ద్రావణం ఎక్కించి గుండెని ఆపేస్తారు. గుండె కదలదు, ఖాళీగా ఉంటది, సర్జన్ తాపీగా పని చేసుకుంటాడు. పంప్ లేకుండా అంటే గుండె కొట్టుకుంటూనే ఉంటది, స్టెబిలైజర్‌తో ఆ చోటు మాత్రం కదలకుండా పట్టుకుని చేస్తారు, బైపాస్ సర్జరీల్లో మీరు వినే ఉంటారు.

ఇంట్లోవాళ్ళు ఎక్కువగా కోరుకునేది రెండోదే, గుండె ఆపరు కదా, మిషన్ అక్కర్లేదు కదా, త్వరగా ఇంటికెళ్ళిపోవచ్చు కదా అని. నిజమే, పంప్ వల్ల ఉండే ఇబ్బందులు, రక్తం పల్చబడటం, ఒళ్ళు వాచడం, కిడ్నీ మీద భారం లాంటివి అక్కడ తక్కువ. కానీ హైడాటిడ్ కేసులో ప్రశ్న గుండె ఆపాలా వద్దా అన్నది కాదు, తిత్తిని తాకినప్పుడు అది పగిలితే లోపలి సరుకు రక్తంలోకి పోయే దారి మూసి ఉందా తెరిచి ఉందా అన్నది. గుండె కొట్టుకుంటూ ఉంటే ప్రతి కొట్టుకీ రక్తం బయటికి పోతానే ఉంటది. క్లాంప్ వేసి ఆపేస్తే పోదు. అందుకే చాలా చోట్ల సర్జన్లు గుండెని అటూ ఇటూ తిప్పకుండా, తిత్తిని ముట్టుకోకుండా, ముందు గొట్టాలు పెట్టి, పంప్ ఎక్కి, క్లాంప్ వేసి, అప్పుడే తిత్తి దగ్గరికి వెళ్తారు. కుడి వైపు తిత్తయితే ఊపిరితిత్తులకి వెళ్ళే ధమనిని కూడా మూసి ఉంచుతారు, పొరపాటున ఊడితే అటు పోకుండా.

పంప్ లేకుండా ఎవరికి చెయ్యొచ్చంటే, తిత్తి పెరికార్డియంలో ఉన్నా, లేదా గుండె బయటి పొర మీద ఉబ్బి లోపలి గదికి దూరంగా, మధ్యలో మందపాటి కండ ఉన్నట్టు ఎమ్మారైలో క్లియర్‌గా కనబడినా, అదీ గుండె ముందు వైపు సులభంగా చెయ్యి చేరే చోట ఉంటే. అప్పుడు కూడా పంప్ రెడీగా, గొట్టాలు నింపి పక్కన పెట్టుకునే చేస్తారు, చెయ్యాలి కూడా. మిగతావాటికి, అంటే మధ్య గోడ, కర్ణికలు, రైట్ వెంట్రికిల్ లోపలికి ఉబ్బినవి, లెఫ్ట్ వెంట్రికిల్ గోడని పూర్తిగా తినేసి పల్చబరిచినవి, వీటికి పంప్ మీదే, నా తమ్ముడికి వచ్చినా అదే చెప్తాను. ఎవరైనా ఎమ్మారై కూడా చూడకుండా ముందే పంప్ అక్కర్లేదు చిన్న పనే అంటే రెండో ఒపీనియన్ తీసుకోండి.

ఇప్పుడు తిత్తి దగ్గర ఏం చేస్తారంటే, చుట్టూ 20 శాతం ఉప్పు ద్రావణంలోనో, బెటాడిన్‌లోనో తడిపిన గాజుగుడ్డలు పరుస్తారు, ఒక చుక్క కారినా అక్కడే చచ్చేటట్టు. తర్వాత ఒక సూదితో లోపలి నీళ్ళు లాగుతారు, స్వచ్ఛంగా నీళ్ళలా ఉంటే బతికున్నట్టు, చీములా చిక్కగా ఉంటే చచ్చినట్టో ఇన్ఫెక్షన్ అయినట్టో. లాగిన చోట అదే ద్రావణం ఎక్కించి పదేసి నిమిషాలు ఆగి, కోసి తెరిచి లోపలి పొర లాగుతారు, లేత కొబ్బరి బోండాం లోపల మీగడలా తెల్లగా మెత్తగా వస్తది. ఇక్కడ మాకొక రూల్ ఉంది, మామూలు గుండె ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని సక్కర్‌తో లాగి మళ్ళీ మెషీన్‌లోకే తీసుకుంటాం, తిత్తి తెరిచినప్పుడు మాత్రం ఆ సక్కర్ వాడకూడదు, గోడకుండే వేరే సక్షన్‌తో లాగి పారెయ్యాలి, లేకపోతే పురుగు తలల్ని మనమే ఒళ్ళంతా తిప్పినట్టు అవుద్ది. ఉప్పు ద్రావణం ఎక్కువ లోపలికి పోతే రక్తంలో సోడియం పెరుగుద్ది, దాన్ని మేం మధ్యమధ్యలో చూసుకుంటూ ఉంటాం. తిత్తికీ గుండె గదికీ రంధ్రం ఉంటే ఏ ద్రావణమూ లోపలికి ఎక్కించకూడదు. మత్తు డాక్టర్ దగ్గర స్టెరాయిడ్, అడ్రినలిన్ రెడీగా ఉంటాయి అలర్జీకి. ఇవన్నీ మీరు అక్కడ నిలబడి చూడలేరు గానీ, సర్జన్‌ని మీరు హైడాటిడ్ కేసులు చేశారా, లీక్ కాకుండా ఏం జాగ్రత్తలు తీసుకుంటారు అని అడిగితే ఆయన చెప్పే తీరులో తెలిసిపోద్ది. అడగడానికి మొహమాటపడకండి, మంచి సర్జన్లు బొమ్మ గీసి మరీ చెప్తారు.

తిత్తి పగలకుండా మొత్తంగా ఊడదియ్యొచ్చు కదా అంటే, కొన్నిసార్లు, చిన్నగా బయటి వైపు ఉంటే, చేస్తారు. చుట్టూ మన శరీరం కట్టిన గట్టి గోడని కూడా పూర్తిగా కోసి తియ్యాలంటే గుండె కండ పోతది, నాళం తెగే భయం, కాబట్టి ఆ గోడని ఎక్కువగా అక్కడే వదిలేస్తారు, లేదా కొంతే కోస్తారు. కొంత వదిలేశారు అని డిశ్చార్జ్ సమ్మరీలో చూసి కంగారుపడొద్దు, అది మన సొంత కండే, పురుగు కాదు.

ఖాళీ అయిన గుంతని మూసేయాలా వదిలేయాలా అన్నది ఇంకో తేడా. దారాలతో లోపలి నుంచి దగ్గరికి లాగి మూసేస్తే రక్తం, చీము నిలవ ఉండవు, కానీ లెఫ్ట్ వెంట్రికిల్‌లో గట్టిగా లాగితే గుండె ఆకారం వంకరపోద్ది, పక్కనున్న కరొనరీ నాళం మెలిపడుద్ది. వదిలేస్తే ఆ భయం లేదు, కానీ లోపలి గదితో ఏ రంధ్రమూ లేదని గట్టిగా తెలియాలి. గోడ మరీ పల్చబడి ఉబ్బిపోతే ప్యాచ్ వేస్తారు. దీనిలో పేషెంట్‌గా మీరు ఎంచుకునేది పెద్దగా ఏం లేదు, గుండె తెరిచాక ఆయన చూసి తేల్చుకునేదే. ఒక్క మధ్య గోడ కేసులో మాత్రం ముందే అడగాలి, పేస్‌మేకర్ అవసరం పడే ఛాన్స్ ఎంత అని, ఎందుకంటే గుండెకి కరెంటు తీసుకెళ్ళే తీగ అక్కడి నుంచే వెళ్తది, తిత్తి వల్లో కోత వల్లో అది దెబ్బతింటే హార్ట్ బ్లాక్ వస్తది, అంటే నాళం పూడుకోవడం కాదు, కరెంటు సరిగ్గా అందకపోవడం, మధ్యలో రంధ్రం పడితే దానికీ ప్యాచ్.

కోత ఎక్కడ అంటే మామూలుగా ఛాతీ మధ్యలో ఎముక కోసి. ఎడమ ఊపిరితిత్తిలో కూడా తిత్తి ఉండి, గుండెది బయటి వైపు ఉంటే, పక్కటెముకల మధ్య నుంచి కూడా చేస్తారు. చిన్న కోత, కీహోల్ అని కొన్ని చోట్ల ప్రచారం చేస్తారు, ఈ జబ్బులో లీక్ కాకుండా చుట్టూ గుడ్డలు పరుచుకోవడానికి చోటు కావాలి, మచ్చ గురించి ఆలోచించే కేసు కాదిది, పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల అయినా సరే.

లివర్‌లో కూడా ఉంటే ముందు ఏది? గుండె ముందు. రెండూ ఒకేసారి చెయ్యడం కొన్నిసార్లు కుదురుద్ది, లివర్ పైభాగంలో ఉంటే ఛాతీ లోపలి నుంచే డయాఫ్రమ్, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే పొర, తెరిచి తీసినవాళ్ళున్నారు, కానీ పేషెంట్ బక్కగా, రక్తం తక్కువగా ఉంటే రెండు విడతలుగా చెయ్యడమే క్షేమం. లివర్‌ది ముందు చేసి గుండెది తర్వాత చూద్దాం అంటే మాత్రం ఎందుకో గట్టిగా అడగండి.

ఎక్కడ చేయించుకోవాలి

ఇది డబ్బు ప్రశ్న కూడా. మన దగ్గర మహారాణిపేటలో కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్ ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీ ఆస్పత్రి, శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా బోర్డర్ నుంచి కూడా జనం వచ్చేది అక్కడికే. సిటీలో గుండె ఆపరేషన్లు చేసే ప్రైవేట్ ఆస్పత్రులు కూడా చాలానే ఉన్నాయి. పెద్దాస్పత్రిలో క్యూ, స్కాన్‌కి తిరుగుడు, డేట్ కోసం ఎదురుచూపు ఉంటాయి, కానీ ఇలాంటి అరుదైన జబ్బులు అక్కడికే ఎక్కువ వస్తాయి, పైగా లివర్ సర్జన్, చెస్ట్ డాక్టర్, ల్యాబ్ ఒకే కాంపౌండ్‌లో ఉంటారు. ప్రైవేట్‌లో డేట్ తొందరగా దొరుకుద్ది, రూమ్ బాగుంటది, బిల్లు అడిగే ముందు ఐసీయూ రోజులు పెరిగితే ఎంతవుద్దో కూడా అడగాలి. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ, కార్డ్ ఉంటే ఆస్పత్రిలో ఉండే ఆ డెస్క్‌లో ముందు కనుక్కోండి, ఈ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కింద పెడతారు, ప్యాచ్ గానీ పేస్‌మేకర్ గానీ పడితే అది అందులోనే వస్తదా అని, అప్రూవల్ కాగితం చేతికొచ్చాకే అడ్మిషన్ డేట్ ఖాయం చేసుకోండి.

హైదరాబాద్ నిమ్స్‌కో వెల్లూరు సీఎంసీకో వెళ్ళడం మనవాళ్ళకి అలవాటే, కాట్పాడి దిగి తెలుగులోనే మాట్లాడుకుంటూ తిరిగేస్తాం. వెళ్ళొచ్చు, కానీ ఆలోచించండి, ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మాత్రలు, రక్తపరీక్షలు, ఎకోలు ఉంటాయి, వాటికి ఇక్కడ ఎవరో ఒకరు చూసే డాక్టర్ ఉండాలి. మధ్య గోడ కేసు, ఇంతకుముందు ఆపరేషన్ అయ్యి మళ్ళీ వచ్చిన కేసు, గుండెలో రెండు మూడు చోట్ల ఉన్న కేసు అయితే దూరం వెళ్ళడం సబబే అనిపిస్తది. లెఫ్ట్ వెంట్రికిల్ బయటి గోడలో ఒకే తిత్తి, ఇక్కడి సర్జన్ ముందు చేసి ఉన్నారు అంటే ఊరు దాటాల్సిన పని లేదు. ఎక్కడికెళ్ళినా సీటీ, ఎమ్మారై సీడీలు కూడా తీసుకెళ్ళండి, కాగితం రిపోర్ట్ ఒక్కటే పట్టుకెళ్తే మళ్ళీ మొత్తం తీయిస్తారు. రక్తం ఇచ్చేవాళ్ళని ముందే చూసుకోండి.

ఆపరేషన్ అయ్యాక అన్నీ బాగుంటే వారం అటూ ఇటూగా డిశ్చార్జ్. ఛాతీ ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, అప్పటిదాకా బండి నడపడం, నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా ఏదీ ఎత్తొద్దు. దగ్గొచ్చినప్పుడు దిండు ఛాతీకి హత్తుకుని దగ్గితే నొప్పి తగ్గుద్ది. ఆల్బెండజోల్ మామూలుగా 3 నుంచి 6 నెలలు, ఆపరేషన్‌లో కొంచెం లీకైందంటే ఇంకో మందు, ప్రాజిక్వాంటెల్, కూడా కలుపుతారు. గాయం మానింది కదా అని రెండో నెలలోనే మాత్రలు ఆపేసేవాళ్ళున్నారు, మళ్ళీ వస్తే రెండోసారి ఛాతీ తెరవడం మొదటిసారి కన్నా చాలా కష్టం, లోపలంతా అతుక్కుపోయి ఉంటది. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి ఎకో, తర్వాత కొన్నేళ్ళపాటు ఏడాదికోసారి. ఎలైసా పాజిటివ్ ఆపరేషన్ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అలాగే ఉండొచ్చు, అది చూసి మళ్ళీ వచ్చేసింది అని ఏడవొద్దు, స్కాన్‌లో ఏముందో అదే లెక్క.

అన్నట్టు ఇంకో పురుగు గురించి కూడా అడుగుతారు, పంది టేప్‌వార్మ్, సిస్టిసర్కోసిస్. అది మెదడులో, కండల్లో ఎక్కువ, గుండెలోకి కూడా వెళ్ళగలదు, కానీ అవి బియ్యపు గింజలంత చిన్న చిన్నవి చాలా ఉంటాయి, ఎక్కువమందికి గుండె బాధే తెలీదు, వాటికి గుండె కోసి తియ్యడం మామూలుగా ఉండదు, మందులతోనే చూస్తారు, అదీ మెదడు స్కాన్ చేశాకే. కాబట్టి రిపోర్ట్‌లో ఏ పురుగు అని రాశారో ముందు చదవండి, ఇద్దరు పేషెంట్లు పక్కపక్క మంచాల మీద ఉండి ఒకరికి ఆపరేషన్, ఒకరికి మాత్రలు అంటే డాక్టర్ పక్షపాతం అనుకోవద్దు.

ఇంట్లో ఒకరికి వచ్చిందంటే మిగతావాళ్ళందరికీ ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్, ఛాతీ ఎక్స్‌రే తీయించండి, ఒకే వాకిట్లో ఒకే కుక్కతో ఆడుకున్నవాళ్ళు కదా. పేషెంట్ నుంచి మనిషికి అంటదు, పళ్ళెం వేరు పెట్టడం, మంచం వేరు వెయ్యడం అక్కర్లేదు. కుక్కకి పశువుల డాక్టర్ దగ్గర ప్రాజిక్వాంటెల్ వేయించండి, ఒకసారి వేస్తే చాలదు, మళ్ళీ పచ్చి మాంసం తింటే మళ్ళీ వస్తది, మందలున్న చోట ఆరు వారాలకోసారి వెయ్యాలి. ఇక ఆదివారం మటన్ కొట్ల దగ్గర, సిటీలో కూడా, పనికిరాని లివర్ ముక్కలూ ఊపిరితిత్తులూ వీధి కుక్కలకి విసిరేస్తారు, ఆ లివర్ మీద తెల్లగా నీళ్ళ బుడగలు కనబడితే అవే ఈ తిత్తులు. ఊళ్ళో దేవుడి పండక్కి పొట్టేలు కోసినా అంతే, బుడగలున్న ముక్క కుక్కకి వెయ్యకుండా కాల్చెయ్యాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతెయ్యాలి, అదీ కుదరకపోతే అరగంట పైన బాగా ఉడకబెట్టి అప్పుడు పారెయ్యాలి.